మా నాయనమ్మ గుమ్మానికి కట్టిన స్ఫటికం

మా ఇంట్లో పంచదార డబ్బా అటకెక్కింది నా మూలానే. మామూలుగా పిల్లలు బొక్కుతారని డబ్బా అటకెక్కిస్తారు, నేను బొక్కలేదు, నీళ్ళలో కలిపాను. అమ్మ దృష్టిలో అది ఇంకా పెద్ద నేరం. తింటే కనీసం ఒంటికైనా పట్టేది కదా అంది.

1989 వేసవి. ఏడో తరగతి పబ్లిక్ పరీక్షలు అయిపోయాయి, స్కూలు తెరవడానికి ఇంకా బోలెడు రోజులుంది. మాది చీరాల, అప్పట్లో ప్రకాశం జిల్లా (ఇప్పుడు బాపట్ల జిల్లా అంటున్నారు గానీ నా నోటికి ఇంకా అలవాటు కాలేదు). పెంకుటిల్లు, ముందు వసారా, వెనక బావి, వీధి పొడుగునా మగ్గాల చప్పుడు. మధ్యాహ్నం పూట బయటికి వెళ్తే వడదెబ్బ తగులుతుందని నాయనమ్మ గడప దాటనిచ్చేది కాదు. అప్పుడు ఊళ్ళోకి విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాన్ వస్తుండేది, అందులో తెలుగులోకి వచ్చిన సోవియట్ పుస్తకాలు కారుచౌకగా దొరికేవి, నాన్న వెళ్ళినప్పుడల్లా ఒకటో రెండో తెచ్చేవాడు. అట్ట ఊడిపోయిన ఒక దాంట్లో స్ఫటికాలు ఇంట్లోనే ఎలా పెంచాలో ఒకటిన్నర పేజీ ఉంది. ఒక గాజు గ్లాసు, దాని మీద అడ్డంగా పెన్సిలు, పెన్సిలుకి వేలాడే దారం, దారం చివర మెరుస్తున్న రాయి, ఇదీ బొమ్మ. ఆ బొమ్మే నన్ను పట్టుకుంది. ఉప్పు, పంచదార, పటిక చాలన్నాడు ఆ పుస్తకం రాసినాయన. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కూడా చెప్పాడు, నీలంగా భలే ఉంటాయట, కానీ అది విషం, అన్నం తినే ఇంట్లోకి తెస్తే కాళ్ళిరగ్గొడతానన్నాడు నాన్న. సరే, వంటింట్లో ఉన్న మూడే మిగిలాయి.

మొదట పంచదార. కొత్తది అడిగితే అమ్మ ఇవ్వదని తెలుసు, అందుకని కాజాలు చేశాక గిన్నెలో మిగిలిన పాకం మీద కన్నేశాను. ఎలాగూ చిక్కటి పాకమే, సగం పని అమ్మే చేసిపెట్టింది అనుకున్నా. హార్లిక్స్ సీసాలో పోసి, పెన్సిలు అడ్డం పెట్టి, దారం వేలాడదీసి, చీమలు ఎక్కకుండా సీసాని నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టి, రోజుకి పదిసార్లు చూశాను. నాలుగు రోజులు, ఎనిమిది రోజులు, పదిహేను రోజులు. ఏమీ లేదు. పాకం పాకంలాగే ఉంది, దారం దారంలాగే ఉంది. పళ్ళెంలో నీళ్ళు ఎండిన రోజు మాత్రం చీమలు కిటికీ నుంచి బారులు తీరాయి. అమ్మ సీసా ఎత్తి చూసి, "ఒరేయ్, ఇది నా కాజాల పాకమా? ఇది ఏడాదున్నా గడ్డకట్టదురా, నిమ్మకాయ పిండాను" అంది. అని తన పని తను చూసుకుంది.

ఆ మాట నాకు అప్పుడు సగమే అర్థమైంది. నిమ్మరసంలో ఉన్న పులుపు, వేడి మీద పంచదారని రెండు ముక్కలు చేస్తుంది, గ్లూకోజు ఒకటి, ఫ్రక్టోజు ఒకటి. ఒకే కొలత ఇటుకలయితే వరసగా పేర్చుకుంటూ పోవచ్చు, మధ్యలో పెద్దవీ చిన్నవీ కలిస్తే గోడ లేవదు. పాకం గడ్డకట్టకపోవడానికి కారణం అదే. ఇది నేను డిగ్రీలో ఎప్పుడో చదువుకున్నాను. అమ్మ అయిదో తరగతి దాకా చదివింది, ఏ రోజూ ఇటుకల లెక్క చెప్పలేదు గానీ ఎన్ని చుక్కలు పిండాలో, పాకం ఏ దశలో ఉండగా పిండాలో ఆవిడకి ఖచ్చితంగా తెలుసు. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది, ఆ వంటింట్లో అమ్మ పని స్ఫటికాలు రాకుండా చూడ్డం, నా పని రప్పించడం. ఇద్దరం ఒకే గిన్నె మీద పడ్డాం.

అన్నిసార్లూ రాకుండా చూడ్డమే కాదులెండి. నెయ్యి విషయంలో ఆవిడకి గింజ కావాలి. వెన్న కాచి వడగట్టాక ఆ గిన్నెని ఒక మూల పెట్టి ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు, "కదిపితే పూస చెడుతుంది" అనేది. పూసకట్టిన నెయ్యి అంటే అదీ ఒక రకం స్ఫటికమే, మెల్లగా చల్లారితే పెద్ద పూస, గబుక్కున చల్లారితే మైనం ముద్ద. ఫ్రిజ్జులో పెట్టిన నెయ్యిలో పూస ఉండదు, గమనించండి. చలికాలంలో తేనె గడ్డకడితే పక్కింటావిడ కల్తీ తేనె అని పారబోయబోతే అమ్మ ఆపి, ఆ సీసాని గోరువెచ్చటి నీళ్ళలో నిలబెట్టి ఇచ్చింది. తేనెలో గ్లూకోజు పేరుకుంటుంది, అంతే, అది కల్తీకి గుర్తు కాదు. దాదాపు నలభై ఏళ్ళ తర్వాత కూడా మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇదే గొడవ నడుస్తోంది, ఫొటోలతో సహా.

సరే, పంచదార దొంగతనం. అమ్మ మధ్యాహ్నం పడుకున్నాక డబ్బాలోంచి గ్లాసుతో కొలిచి మరీ తీశాను. వంద గ్రాముల నీళ్ళు మామూలుగా 200 గ్రాముల పంచదార పట్టుకుంటాయి, మరిగే నీళ్ళయితే 480 దాకా లాక్కుంటాయి, అదెంత ఎక్కువో గ్లాసు పక్కన కుప్ప పోసి చూస్తేగానీ తెలియదు. చల్లారాక ఆ ఎక్కువైనది ఎక్కడికో పోవాలి కదా, దారాన్ని పట్టుకుంటుంది. ముందు దారాన్ని తడిపి పంచదారలో పొర్లించి ఆరబెట్టాలి, ఆ అంటుకున్న రేణువులే విత్తనాలు. ఇది పుస్తకంలో ఉంది, మొదటిసారి నేను చదవకుండా దాటేశాను. ఈసారి నాలుగో రోజుకే దారం గరుగ్గా అయింది, పదో రోజుకి వేలి లావున పలుకులు పలుకులుగా కట్టింది, గుళ్ళో ఇచ్చే పటికబెల్లం లాగే, ఎటు తిప్పినా ఒక ముఖం మెరుస్తుంది. నేను దాన్ని ఎండలో పెట్టి చూస్తుండగా మా అక్క వచ్చి "ఏదీ చూడనీ" అని తీసుకుని నోట్లో పెట్టుకుంది. దారం మాత్రం తిరిగిచ్చింది.

అదే సాయంత్రం గుంటూరు నుంచి చుట్టాలు దిగారు. అమ్మ కాఫీకి పంచదార డబ్బా మూత తీసింది. కార్డు మీద వచ్చే పంచదార అది, నెలకి లెక్కగా వస్తుంది, నెలాఖరు దాకా అదే ఆధారం. ఆ తర్వాత జరిగింది రాయక్కర్లేదు. డబ్బా అటకెక్కింది.

ఇక ఉప్పు. ఉప్పుకి లెక్క అడిగేవాళ్ళు ఎవరూ లేరు. అప్పుడు ప్యాకెట్ ఉప్పు మా ఇంట్లోకి ఇంకా రాలేదు, సైకిలుకి అటూ ఇటూ గోతాలు వేసుకుని "ఉప్పోయ్" అని కేకేసుకుంటూ వచ్చే మనిషి దగ్గర కల్లుప్పు కొని కుండలో పోసుకునేవాళ్ళం. మరిగే నీళ్ళలో బోలెడు ఉప్పు కరిగించి, పంచదారలాగే చల్లారితే వచ్చేస్తుందని కూర్చున్నా, రాలేదు. ఉప్పు గుణం వేరు. వంద గ్రాముల మామూలు నీళ్ళలో 36 గ్రాములు కరిగితే, మరిగే నీళ్ళలో 39, అంతకంటే పెద్ద తేడా లేదు. వేడి చేసి దాన్ని మోసం చెయ్యలేం, నీళ్ళు ఆవిరయ్యి పోవాల్సిందే, ఇంకో దారి లేదు. వెడల్పాటి స్టీలు పళ్ళెంలో పోసి వసారాలో గాలి తగిలే చోట పెట్టాను.

ఇక్కడ నేను చూసింది మాత్రం ఆ పుస్తకంలో లేదు. మూడో రోజు మధ్యాహ్నం బోర్లా పడుకుని, గడ్డం నేలకి ఆనించి పళ్ళెం వైపు చూస్తున్నా. నీటి మీద ఏదో చిన్న చతురస్రం తేలుతోంది, నువ్వుగింజలో సగం కూడా లేదు. ఉప్పు నీళ్ళలో మునగాలి కదా, ఇదేంటి తేలుతోంది? మా తాతగారి భూతద్దం తెచ్చి చూశాను. చతురస్రం మధ్యలో పల్లం ఉంది. పల్లంలోకి నాలుగు వైపుల నుంచీ మెట్లు దిగుతున్నాయి, ఒక చతురస్రం లోపల ఇంకో చతురస్రం, దాని లోపల ఇంకోటి. అచ్చం గుడి కోనేరు. పైన అంచు నీటి మట్టంలో ఉంటుంది, కొత్త ఉప్పు ఆ అంచుకే చేరుతుంది, బరువుకి అది కొంచెం కిందికి దిగుతుంది, మళ్ళీ అంచు మీద ఇంకో మెట్టు, ఇట్లా తలకిందుల గోపురంలా పెరుగుతూ పోతుంది. నేను ఊపిరి గట్టిగా వదిలాను, అంతే, నీరు కదిలి కోనేరు మునిగిపోయింది. అడుగున పడ్డాక అది మామూలు ఉప్పు గడ్డగా మారింది. ఆ తర్వాత వారం పాటు కోనేళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను, తలుపు వేసేటప్పుడు కూడా ఎవరూ గాలి విసరకూడదని గొడవ చేసేవాణ్ణి. పిల్లాడికి ఏదో అయ్యిందని నాయనమ్మ ఎర్రనీళ్ళు దిగదుడిచింది కూడా.

పళ్ళెంలో ఉప్పు పళ్ళెంలో ఉండదు, అదింకో తమాషా. అంచు వెంట తెల్లగా పాకుతుంది, దాని సందుల్లోంచి నీళ్ళు పైకి లాక్కుని ఇంకొంచెం పైకి పాకుతుంది, అంచు దాటి వెనక వైపు దిగి గచ్చు మీదికి వచ్చేస్తుంది. పది రోజులకి పళ్ళెం చుట్టూ ముగ్గు వేసినట్టు అయ్యింది. కడిగాక చూస్తే స్టీలు మీద చిన్న చిన్న మచ్చలు, ఎంత తోమినా పోలేదు. దాని మీద మా అమ్మమ్మ పేరూ తారీఖూ చెక్కించి ఉన్నాయి, అమ్మ పెళ్ళికి పెట్టిన పళ్ళెం. ఇప్పటికీ ఉంది ఆ పళ్ళెం, మచ్చలతో సహా. అమ్మ దాన్ని చుట్టాలకి చూపిస్తూ "ఇది మావాడి సైన్సు" అంటుంది.

నా ఉప్పు పిచ్చి చూసి బాబాయి ఒక రోజు పొద్దున్నే ప్యాసింజర్ రైలెక్కించాడు. వేటపాలెం దాటి చినగంజాం. ఆ దారిలో వెళ్ళినవాళ్ళందరికీ తెలుసు, రైల్లోంచే కనిపిస్తాయి ఉప్పు కొఠార్లు, అద్దాలు పరిచినట్టు మళ్ళు, గట్ల మీద తెల్లటి కుప్పలు, వాటి మీద తాటాకులు. ఇంకా ముందుకెళ్తే వచ్చే స్టేషన్ పేరే ఉప్పుగుండూరు. మన భాషలో ఉప్పుని తయారు చెయ్యరు, పండిస్తారు, వరిలాగే. మడి, గట్టు, పంట, అన్నీ సేద్యం మాటలే. అక్కడ పనిచేస్తున్న ముసలాయన్ని బాబాయి "మావోడికి కొంచెం చెప్పు మావా" అని అడిగితే ఆయన చేతిలో పొడుగు కర్రకున్న చెక్క పలకని గట్టుకి ఆనించి, ఓపిగ్గా చెప్పాడు. ఒక మడిలోంచి ఇంకో మడిలోకి నీళ్ళు మారుస్తూ పోవాలట, ఒక్కో మడిలో ఇంకొంచెం చిక్కబడతాయి, ఆఖరి మడిలో గానీ ఉప్పు దిగదు. (సముద్రపు నీళ్ళు లీటరుకి 35 గ్రాముల ఉప్పుంటాయి, పదో వంతు మిగిలేదాకా ఆవిరైతేగానీ ఉప్పు పేరుకోవడం మొదలవదు, ఆయన చెప్పింది ఆ లెక్కే.) ఉప్పు దిగాక మిగిలిన నీళ్ళు వదిలెయ్యాలి, ఆశపడి అవి కూడా ఎండబెడితే ఉప్పు చేదొస్తుంది అన్నాడు. ఆ చేదు మెగ్నీషియంది. ఆఖర్న "ఒక్క వాన పడిందనుకో, ఇదంతా మళ్ళీ మొదటికే" అని ఆకాశం వైపు చూశాడు. నేను ఆయన పాదాలు చూశాను, మడమలు బీటలు వారి, బీటల్లో తెల్లగా ఉప్పు. నా పళ్ళెం గోల ఆయనకి చెప్పాలంటే సిగ్గేసింది. అయినా కోనేళ్ళ సంగతి మాత్రం అడిగాను, ఇక్కడ కూడా తేలతాయా అని. ఆయన నవ్వి, గాలి లేని పూట తేలతాయి రా, పొద్దున్నే రా, ఇప్పుడు గాలి లేచింది అన్నాడు. మళ్ళీ వెళ్ళలేదు నేను. వెళ్ళాల్సింది.

పటిక దగ్గరికి వస్తాను, అసలు కథ అదే.

పటిక మా ఇంట్లో ఎప్పుడూ ఉండేది. వానాకాలం బావి నీళ్ళు బురదగా వస్తే బిందెలో పటిక ముక్క నాలుగు తిప్పులు తిప్పితే మట్టి అడుక్కి దిగేది. నాన్న గడ్డం గీసుకున్నాక తడి చెంపల మీద రుద్దుకునేవాడు. నాయనమ్మ అయితే పటికని పొంగించేది. ఇనప పెనం మీద ముక్క పెట్టి సన్నటి సెగ తగలనిస్తే అది ముందు కరిగి నీరవుతుంది, తర్వాత బుడబుడమని ఉడుకుతుంది, ఆవిరి లేస్తుంది, లేచి లేచి చివరికి పేలాలు వేయించినట్టు తెల్లగా, తేలిగ్గా పొంగుతుంది. దాన్ని మెత్తగా నూరి దాచుకునేది, నోరు పూస్తే అదే మందు. రాయి ఉడకడం ఏంటి నాయనమ్మా, పొడి రాయిలోంచి ఆవిరెక్కడిది అని అడిగితే, "దాని కడుపులో నీళ్ళుంటాయిరా" అనేది. నిజంగానే ఉంటాయి. పటిక బరువులో 45 శాతం పైన నీళ్ళే, పొడిగా గాజు ముక్కలా కనిపిస్తుంది గానీ దాదాపు సగం నీళ్ళు, అవన్నీ లోపల వరసగా సర్దుకుని కూర్చుంటాయి. ఆ నీళ్ళు పోతే ఆ ఆకారమూ పోతుంది. అన్నట్టు పటిక అన్న మాటే స్ఫటికం అరిగి అయిన మాట. పొద్దున్నే చెంపకి రుద్దుకునేదాని పేరే స్ఫటికం, మనం మళ్ళీ సైన్సు పుస్తకంలో దాన్ని కొత్తగా నేర్చుకుంటాం.

కొట్లో పావుకిలో కొన్నాను, పాత పేపర్లో పొట్లం కట్టి ఇచ్చాడు. నలగ్గొట్టి వేడి నీళ్ళలో ఇంక కరగనన్నంత కరిగించి, పాత బనీను గుడ్డతో వడగట్టి, రాత్రంతా వదిలేశాను. పటిక మంచిది, మాట వింటుంది. 20 డిగ్రీల నీళ్ళలో అయితే వంద గ్రాములకి 12 గ్రాముల దగ్గర ఆగుతుంది, వేడి నీళ్ళలో దానికి ఎన్నో రెట్లు కరుగుతుంది, అందుకని చల్లారుతుంటే ఇష్టంగా పేరుకుంటుంది. తెల్లారి చూస్తే సీసా అడుగున చిన్న చిన్న రవ్వలు, నాయనమ్మ ముక్కుపుడక రాయంతవి, అన్నీ ఒకే ఆకారం. రెండు గోపురాల అడుగులు కలిపి అంటించినట్టు, పైకొక మొన, కిందికొక మొన, ఎనిమిది ముఖాలు. ఎవరూ చెక్కలేదు, సాన పట్టలేదు. అన్నిట్లోకి చక్కగా ఉన్న ఒకదాన్ని ఏరాను.

దాన్ని దారానికి కట్టడమే ప్రాణం తీసింది. కడితే జారుతుంది, బిగిస్తే ఎగిరి ఎక్కడో పడుతుంది. తీరా కట్టి వేలాడదీస్తే అది నూలు దారం, దాని నూగు మీద ఎక్కడ పడితే అక్కడ రవ్వలు పుట్టి రెండు రోజుల్లో ముళ్ళ కంచెలా తయారైంది. ఎదురింటి మగ్గం మామయ్య చూసి, "నూలు కాదబ్బాయ్, పట్టు పోగు అయితే నున్నగా ఉంటది" అని ఒక పోగు తీసిచ్చాడు. ఆయన భార్య, అత్తయ్య, రోజంతా తెగిన పోగులు అతికే మనిషి. నా చేతిలోంచి ఆ రవ్వ తీసుకుని, వేళ్ళు నాలిక మీద తడుపుకుని, అలా ఒక్కసారి తిప్పింది, ముడి పడిపోయింది. ఎలా వేసిందో చూద్దామనుకునేలోపే అయిపోయింది. మళ్ళీ చూపించు అత్తయ్యా అంటే, "చూస్తే రాదురా, వేస్తే వస్తది" అని మగ్గం దగ్గరికి వెళ్ళిపోయింది.

అయినా పెరగదే! రాత్రి కొంచెం పెరుగుతుంది, మధ్యాహ్నం అయ్యేసరికి తరుగుతుంది. ఒక రోజయితే సాయంత్రం వచ్చి చూస్తే ఉత్త పోగే వేలాడుతోంది, రవ్వ లేదు. ఎవరో తీశారని అక్కతో పోట్లాడాను కూడా. ఎవరూ తియ్యలేదు. మే నెల ఎండకి సీసాలో నీళ్ళు వేడెక్కి, ఇంకా కరిగించుకునే చోటు దొరికి, నా రవ్వని తినేశాయి. చల్లగా ఉండాలి, రోజంతా ఒకేలా చల్లగా ఉండాలి. అప్పటికి మాకు ఫ్రిజ్జు లేదు. ఇంట్లో అలాంటి చోటు ఒక్కటే, మంచినీళ్ళ కుండ కింద పోసిన తడి ఇసుక. ఇసుక కొంచెం తవ్వి సీసాని మెడ దాకా పాతిపెట్టి, పైన గుడ్డ కట్టాను. నీళ్ళు ముంచుకునేవాళ్ళు సీసా మీద కాలు వెయ్యకుండా నేను పక్కనే చాప వేసుకుని పడుకునేవాణ్ణి.

అక్కడ పెరిగింది. అయిదు వారాలు. నాలుగైదు రోజులకోసారి బయటికి తీసి, నీళ్ళలో ఇంకొంచెం పటిక కరిగించి, పూర్తిగా చల్లారాక మళ్ళీ దింపడం. ముందు మిరియమంత, తర్వాత శనగ్గింజంత, తర్వాత రేగ్గాయంత, స్కూళ్ళు తెరిచే వారానికి ఉసిరికాయంత. ఒక మూల లోపల కొంచెం మబ్బు పట్టింది, తొందరపడి వేడి తగ్గకుండానే దింపిన రోజు గుర్తు అది. మిగతాదంతా ఎంత తేటగా ఉందంటే దాని వెనక పేపరు పెడితే అక్షరాలు కనిపించేవి, రెండు చోట్ల ఒకే అక్షరం. జామెట్రీ బాక్సులోంచి కోణమానిని తీసి, రెండు ముఖాల మధ్య కోణం కొలిచాను, 110కి కొంచెం తక్కువ వచ్చింది. ఇంకో అంచు దగ్గరా అంతే. అడుగున ఉన్న చిన్న రవ్వల్లో కూడా అంతే. అసలు లెక్క 109 డిగ్రీల 28 నిమిషాలు. ఎంత పెద్దదైనా, ఎంత చిన్నదైనా, ఎవరి కుండ కింద పెరిగినా ఆ కోణం మారదు. ఇలా స్ఫటికాల ముఖాల మధ్య కోణాలు మారవని 1669లోనే స్టెనో అనే డెన్మార్కు ఆయన రాసిపెట్టాడని నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిదయ్యింది, అది నేనే కనిపెట్టాననుకుని ఆ రాత్రి నిద్రపోలేదు.

(పెద్దయ్యాక డిగ్రీ ఫిజిక్స్‌లో మా లెక్చరర్ ఎక్స్‌రేలతో ఉప్పు లోపలి అమరిక చూసిన బ్రాగ్ తండ్రీకొడుకుల గురించి చెప్పారు, 1913 నాటి పని, 1915లో నోబెల్, కొడుక్కి అప్పుడు 25 ఏళ్ళు. స్ఫటికాల సౌష్ఠవం లెక్కల్లో దిట్ట అయిన సూరి భగవంతం గారు అప్పటి మన కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టినాయనే అని కూడా ఆ క్లాసులోనే విన్నాను. ఇంకా తర్వాత డొరతీ హాజ్కిన్ గురించి చదివాను, విటమిన్ బీ12 లోపల ఏముందో బొమ్మ గీసి 1964లో నోబెల్ తీసుకున్నావిడ, చిన్నప్పుడు పటిక, మైలుతుత్తం స్ఫటికాలు పెంచిందట. వాళ్ళ నాన్న మైలుతుత్తం తేనిచ్చాడన్నమాట.)

స్కూలు తెరిచారు. స్ఫటికాన్ని దూదిలో పెట్టి, దూదిని అగ్గిపెట్టెలో పెట్టబోతే పట్టలేదు, అక్క పౌడరు డబ్బా మూతలో పెట్టి దేవుడి గూట్లో ఉంచాను. మొదటి శనివారం తీసుకెళ్ళి సైన్సు మాస్టారికి చూపించాలని ప్లాను. శుక్రవారం సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గూట్లో మూత ఉంది, మూతలో దూది ఉంది, దూదిలో గుంట ఉంది.

వీధి గుమ్మానికి నల్లతాడు వేలాడుతోంది. తాడుకి వరసగా ఎండు మిరపకాయలు, నిమ్మకాయ, కింద నా స్ఫటికం. పెద్దక్క పురిటికొచ్చి పసిపిల్లతో ఉంది అప్పుడు, వచ్చేపోయేవాళ్ళ దృష్టి తగులుతుందని నాయనమ్మ పటిక కోసం వెతికితే గూట్లో దొరికింది. "ఇంత తేటగా ఉన్న పటిక నేనెప్పుడూ చూళ్ళేదురా, యాడ కొన్నావు?" అని నన్నే అడిగింది. నేను ఏడుపు. అయిదు వారాలు నాయనమ్మా, ఇసకలో పెట్టి, దుప్పటేసుకుని కాపలా కాసి... ఆవిడకి నా ఏడుపు ఎందుకో అర్థం కాలేదు. "పసిపిల్లకి కట్టింది విప్పకూడదు. నువ్వు పండిచ్చిందేగా, ఇంకోటి పండిచ్చుకో" అంది. నాన్న వైపు చూశాను, నాన్న పేపరు పైకెత్తుకున్నాడు.

రోజూ స్కూలుకి వెళ్ళేటప్పుడు తలెత్తి చూసేవాణ్ణి. మొదటి వారం ఎండ పడితే గచ్చు మీద చిన్న చిన్న ఇంద్రధనుస్సు ముక్కలు పడేవి, పసిపిల్ల వాటిని చూసి కాళ్ళు కొట్టుకునేది. తర్వాత జూన్ వడగాలికి కడుపులో నీళ్ళు పోగొట్టుకుని పైపైన తెల్లబారింది, పాలగాజులా. తర్వాత వానలు. చూరు నీళ్ళ తుంపర పడ్డప్పుడల్లా అంచులు మొద్దుబారాయి, మొనలు పోయాయి, గోపురాలు పోయాయి, నోట్లో పెట్టుకుని తీసిన చాక్లెట్టులా గుండ్రంగా అయ్యింది. నాయనమ్మ మాత్రం వీధిలో అందరికీ చూపిస్తూ, "చూశారా, పిల్లకి ఎంత దిష్టి తగలబోయిందో, మొత్తం ఇదే గుంజుకుని కరిగిపోతంది" అనేది. పక్కింటివాళ్ళు నిజమే నిజమే అనేవాళ్ళు. కరగడానికి వేరే కారణం ఉందని చెప్పబోయి రెండుసార్లు తిట్లు తిన్నాను.

ఇప్పుడు స్ఫటికాల కిట్లు డబ్బాల్లో అమ్ముతున్నారు, రంగు రంగులవి, రాత్రికి రాత్రే వచ్చేస్తాయి, చాలావాటిలో ఉండేది పొలానికి వేసే అమోనియం ఫాస్ఫేటే. మా అమ్మాయికి ఒకటి ఎవరో పుట్టినరోజుకి ఇచ్చారు. చేసింది, బావుంది అంది, రెండో రోజు దాని వైపు చూడలేదు. నాకు మాత్రం దాంట్లో ముఖాలు కనపడలేదు, గుబురు గడ్డి లాగా ఉంది. ముసలాడి మాటల్లెండి.

దసరా సెలవులకి ఇల్లు దులుపుతూ అమ్మ గుమ్మానికున్న పాత తాడు తెంపింది. కొత్తది కడుతుంది నాయనమ్మ, పాతది పెంటకుప్ప మీదికే. నేను పరిగెత్తి వెళ్ళి తాడుకి చుట్టుకున్న పట్టు పోగు వెతికాను. పోగు ఉంది, ముడి ఉంది, అత్తయ్య వేసిన ముడి అలాగే ఉంది. ముడి చుట్టూ బఠాణీ గింజంత, ఏ ఆకారమూ లేని మసక పటిక. కడిగి, పటిక నీళ్ళు మళ్ళీ కాచి, చల్లార్చి, సీసాని కుండ కింద ఇసుకలో పాతి దింపాను. కరిగిపోతుందేమో అనుకున్నా. మూడో రోజుకి ఒక పక్క పెసర గింజంత చదునైన ముఖం వచ్చింది, మెరుస్తోంది. ఆరో రోజుకి దానెదురుగా ఇంకోటి. పోయిన మొనలు ఎక్కడుండాలో దానికి తెలిసినట్టే పూడ్చుకుంటూ వచ్చింది, రెండు వారాలకి మళ్ళీ ఎనిమిది ముఖాలు, నడుమ మాత్రం పాత బఠాణీ మబ్బులా కనిపిస్తోంది. కోణమానిని పెట్టి చూశాను. అదే 110కి కొంచెం తక్కువ.

నీళ్ళు ముంచుకోవడానికి వచ్చిన నాయనమ్మ నా భుజం మీదుగా వంగి సీసాలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత చెంబు నింపుకుంటూ అంది, "ఈసారి రెండు చెయ్యరా. పెరటి గుమ్మానికి కూడా కావాలి."